తీర్పుకు ముందటి పాఠం

1996 మార్చి 21న సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. ఒకవైపు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, ఇంకోవైపు మెక్‌డోవెల్, దానితోపాటు మరికొన్ని మద్యం కంపెనీలు. తీర్పు రాసినాయన మన తెలుగువారే, జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి. 1995లో మన రాష్ట్రం తెచ్చిన మద్యనిషేధ చట్టం చెల్లుతుందా, చెల్లదా అన్నది తగాదా. కేంద్రం ఇచ్చిన లైసెన్సు మీద సరుకు తయారు చేసుకుంటున్నాం, ఆపడానికి రాష్ట్రానికి అధికారం ఎక్కడిదని కంపెనీలు అడిగాయి. ఈ చట్టంలో సబబు లేదు, సమానత్వం చెప్పే 14వ అధికరణం కింద కొట్టేయండని కూడా అడిగాయి. కోర్టు రెండూ ఒప్పుకోలేదు. మత్తు పానీయాల మీద చట్టం చేసే అధికారం రాష్ట్రానిదే అంది. చట్టసభ చేసిన చట్టం పోవాలంటే ఆ సభకు అధికారం లేదనైనా తేలాలి, ప్రాథమిక హక్కునో రాజ్యాంగంలో ఇంకో నిబంధననో అది మీరిందనైనా తేలాలి, సబబుగా లేదని జడ్జీలకు తోచినంత మాత్రాన చాలదు అంది.

రాజ్యాంగం పాఠం చెప్పేవాళ్ళకు ఈ చివరి మాట చాలా పెద్దది. ఇష్టారాజ్యంగా చేసే పనికీ సమానత్వానికీ పొసగదని 1973లో రాయప్ప కేసులో అదే కోర్టు చెప్పింది. ఆ మాట అధికారుల ఉత్తర్వులకే వర్తిస్తుందా, శాసనసభ చట్టాలకూ వర్తిస్తుందా అన్న వాదం ఇప్పటికీ నడుస్తూనే ఉంది. 2017 ఆగస్టు 22న ముమ్మారు తలాక్ కేసులో జస్టిస్ నారిమన్, ఈ విషయంలో మెక్‌డోవెల్ తీర్పు చెప్పింది సరికాదని రాశారు. అంతే, లా కాలేజీల్లో పనిచేసే మాబోటివాళ్ళం చాలామందిమి కలాలు తీశాం. నా వ్యాసం 2018 వేసవిలో రాసుకున్నాను, వరికుంటపాడులో, మా ఇంటి మేడగదిలో. అందులో నేను చేసిన తప్పును గురించి చెప్పుకోవాలనే ఇది రాస్తున్నాను.

నెల్లూరు జిల్లా అనగానే బయటివాళ్ళకు వరిమళ్ళు, రొయ్యల గుంటలు, చేపల పులుసు గుర్తొస్తాయి. మాది ఆ నెల్లూరు కాదు. పడమటి మెట్ట. అటు వెలిగొండలు, ఇటు పామూరు దారి, మధ్యలో వానకోసం ఎదురుచూసే చేలు. కంది, మినుము, పొగాకు, కాస్త నీళ్ళున్నచోట నిమ్మ, బత్తాయి. బోరునీళ్ళలో ఫ్లోరైడు ఉండబట్టి తాగడానికి క్యాను నీళ్ళు కొనుక్కునే ఇళ్ళే ఎక్కువ. చదువుకున్న పిల్లలు బెంగుళూరులోనో హైదరాబాదులోనో ఉంటారు. ఎండాకాలం పగటిపూట వీధిలో కనిపించేది ముసలివాళ్ళూ, సెలవులకొచ్చిన పిల్లలూ, కలిగిరి వేలంకేంద్రానికి పొగాకు బేళ్ళు తీసుకుపోయే ట్రాక్టర్లూ. పరీక్ష పేపర్లు దిద్దడం అయిపోయిన మాస్టరుకు ఇంతకంటే మంచి చోటు లేదనుకునేవాణ్ణి. ఇప్పటికీ అనుకుంటాను.

ఆ వేసవికి నేనొక పద్ధతి పెట్టుకున్నాను. పొద్దున ఎండెక్కేదాకా కేసులు, వ్యాసం. మధ్యాహ్నం వేపచెట్టు కింద మంచం వేసుకుని పుస్తకాలు. చీకటి పడ్డాక ల్యాప్‌టాప్‌లో ఒక సినిమా. పడుకోబోయే ముందు సంగీతం. పొద్దుటిది పని, మిగతావి మనసుకు విశ్రాంతి. ఈ గీత నేనే గీసుకున్నాను, గట్టిగా గీసుకున్నాను. నా తప్పుకు మూలం ఈ గీతలోనే ఉందని తెలుసుకోవడానికి నాకు చాలాకాలం పట్టింది.

మధ్యాహ్నాల్లో చదివింది ఎక్కువగా కేతన. తిక్కన శిష్యకోటిలోని ఈ కవిని దశకుమారచరిత్ర రాసి తిక్కనకు అంకితమిచ్చినవాడిగా, తెలుగులో మొదటి వ్యాకరణం రాసినవాడిగా అందరూ చెప్పుకుంటారు. మా వృత్తివాళ్ళు చెప్పుకోవలసింది ఇంకొకటుంది, విజ్ఞానేశ్వరీయం. యాజ్ఞవల్క్యస్మృతి మీద విజ్ఞానేశ్వరుడు రాసిన మితాక్షరను కేతన తెలుగు పద్యాల్లో పెట్టాడు. హిందూ ఉమ్మడి కుటుంబ ఆస్తి తగాదాల్లో మన కోర్టులు నేటికీ తలుచుకునే మితాక్షర అదే. ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో మగపిల్లలతో సమానంగా జన్మహక్కు ఇవ్వడానికి ఆ పాత సూత్రాన్ని మన రాష్ట్రమే ముందుగా సవరించింది. ఆ సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకి వచ్చింది. దేశమంతటికీ ఆ హక్కు రావడానికి ఇంకో ఇరవై ఏళ్ళు పట్టింది. పదమూడో శతాబ్దంలో నెల్లూరు సీమ కవిబృందంలో ఒకడు ధర్మశాస్త్రం తెలుగువాడికి తెలుగులో తెలియాలనుకున్నాడంటే నాకు ఒళ్ళు పులకరించేది. అప్పు, తాకట్టు, పొలం గట్టు, దాయభాగం, సాక్ష్యం, అన్నీ పద్యాల్లో.

ఆ స్మృతిలో రుజువులు మూడు రకాలు. లిఖితం, భుక్తి, సాక్షి. రాసిపెట్టుకున్న పత్రం ఒకటి, అనుభవంలో ఉండటం ఒకటి, చూసినవాడు వచ్చి చెప్పడం ఒకటి. 1872 నాటి మన సాక్ష్య చట్టం కూడా 60వ సెక్షనులో నోటిమాట సాక్ష్యం సూటిగా ఉండాలంది. కంటితో చూసిన సంగతైతే చూసినవాడే చెప్పాలి, విన్న సంగతైతే విన్నవాడే చెప్పాలి. ఇప్పుడు ఆ చట్టం స్థానంలో భారతీయ సాక్ష్య అధినియం వచ్చినా ఆ సూత్రం పోలేదు. ఏటా పిల్లలకు దీన్ని బల్ల గుద్ది చెప్తాను. ఆ వేసవిలో కేతనను చదువుతూ, ఈ సూత్రం మన తెలుగు పద్యంలో ఇంత పాతదని మార్జినులో రాసుకున్నాను కూడా.

మా ప్రహరీకి అవతల పెద్దమ్మ ఇల్లు. సొంత పెద్దమ్మ కాదు, వరసకు. ఆమె కూతురు బెంగుళూరులో ఉంటుంది. పొద్దుపోక ఆమె మా వేపచెట్టు కిందికి వచ్చి, చాటలో కందిపప్పు పోసుకుని, రాళ్ళు ఏరుకుంటూ కూర్చునేది. ఒకరోజు నా చేతిలోని కాగితాలు చూసి అడిగింది.

"ఏందబ్బయా, పొద్దస్తమానం రాస్తానే ఉండావు?"

"సారాయి కేసు గురించి పెద్దమ్మా. సుప్రీంకోర్టు దాకా పోయింది గదా."

"సారాయి మీద కేసా? ఎవురేసినారు?"

"కంపెనీలవాళ్ళు."

ఆమె చెయ్యి చాటలో ఆగింది. "సారాయికి కంపెనీ యాడిదబ్బయా? కాంట్రాక్టరు గదా ఉండేది."

నేను నవ్వి, అది పెద్ద సంగతిలే పెద్దమ్మా అని కాగితం తిప్పాను.

ఆ ఒక్క ప్రశ్నలో నా వ్యాసం తప్పు మొత్తం ఉంది. నేను రాస్తున్న మొదటి పేరా ఇలా సాగుతుంది: నెల్లూరు జిల్లా ఆడవాళ్ళు మద్యనిషేధం కోరారు, ఆ కోరిక ఎన్నికల వాగ్దానమైంది, వాగ్దానం చట్టమైంది, కంపెనీలు చట్టాన్ని సవాలు చేస్తే కోర్టు దాన్ని కాపాడింది. వినడానికి వరస బాగుంది. మూడు వేరువేరు సంగతుల్ని ఒకటిగా ముడేసిన వరస అది.

జరిగింది ఇది. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం నడిచింది. రాత్రిబడులు పెట్టారు. కళాజాతాలు ఊరూరా తిరిగి పాటలు పాడి, వీధినాటకాలు ఆడి జనాన్ని బడికి పిలిచాయి. బడిలో చదివించిన పాఠాల్లో తాగుబోతు మొగుడితో నలిగిపోయిన సీతమ్మ కథ ఒకటి. ఆ చదువుల ఊపులోనే కలిగిరి మండలం దూబగుంటలో ఆడవాళ్ళు ఒకటై ఊళ్ళో సారాయి అమ్మకం ఆపించారు. వాళ్ళ ముందు నిలిచిన రోశమ్మ పేరు తరవాత దేశమంతా తెలిసింది. ఆ ఊరి కథ మళ్ళీ చదువు పుస్తకంలో పాఠంగా వచ్చింది, ఆడవాళ్ళు ఏకమైతే అన్న పేరుతో. చదివిన ఊరల్లా మనమూ చేయగలం అనుకుంది. సారాయి ప్యాకెట్లు తగలబడ్డాయి, వాటిని తెచ్చిన జీపులు వెనక్కి తిరిగాయి.

ఆ రోజుల్లో సారాయి అమ్మే హక్కును ప్రభుత్వమే ఎక్సైజు చట్టం కింద వేలం వేసేది. పాట పాడి దక్కించుకున్న కాంట్రాక్టరు ప్లాస్టిక్ ప్యాకెట్లను పల్లె గడపదాకా పంపేవాడు. ఈ ప్యాకెట్ల పథకానికి 1980ల్లో ప్రభుత్వమే వారుణివాహిని అని పేరు పెట్టి నడిపింది. అందుకని ఆడవాళ్ళు ఊరి అంగడితో ఆగలేదు, వేలంపాట మీదికే పోయారు. నెల్లూరులో పాట పదేపదే వాయిదా పడింది. చివరికి 1993 ఏప్రిల్ 15 నుంచి నెల్లూరు జిల్లాలో, అదే ఏడాది అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారాయి ఆగిపోయింది. అప్పుడు కోట్ల విజయభాస్కరరెడ్డి ముఖ్యమంత్రి. ఆ తరవాత 1994 డిసెంబరులో ఎన్.టి. రామారావు గెలిచి ప్రమాణం చేసిన నాడే మద్యనిషేధం ఫైలు మీద సంతకం పెట్టారు. 1995 జనవరి 16 నుంచి సీసా మద్యం మీద కూడా నిషేధం వచ్చింది. కంపెనీలు కోర్టుకు పోయింది ఈ చివరిదాని మీద.

పెద్దమ్మ అన్నది అదే. ఆమె పోరాటం కాంట్రాక్టరుతో, అతనికి పాట కట్టబెట్టిన సర్కారుతో. కంపెనీలూ, సీసాలూ ఆమె ఊరికి అప్పటికి రాలేదు.

నేనప్పుడు ఇంకొంచెం అడిగుంటే సరిపోయేది. అడగలేదు. పైగా ఆమే అవకాశం ఇచ్చింది, మళ్ళీ మళ్ళీ ఇచ్చింది. ఒక సాయంత్రం వసారాలో పుష్పక విమానం పెట్టాను. 1987 నాటి సినిమా, తీసింది మా ఉదయగిరిలో పుట్టిన సింగీతం శ్రీనివాసరావు. ఒక్క మాట ఉండదు అందులో. కథంతా చూపులతో, చేతలతో, చుట్టూ వినపడే చప్పుళ్ళతో నడుస్తుంది. పక్కింటి పిల్లలు, పెద్దమ్మ, ఇంకో ఇద్దరు ముసలమ్మలు చేరారు. వాళ్ళు నవ్విన తీరు నాకు బాగా గుర్తుంది. లాయర్లం మాటల మీద బతికేవాళ్ళం, మాటే లేకుండా ఇంత చెప్పొచ్చా అని నేను నాలో నేను తర్కించుకుంటున్నాను. పెద్దమ్మ మాత్రం సినిమా అయ్యాక చీర చెంగుతో కళ్ళు తుడుచుకుని, "మాకు బడి పెట్టినప్పుడు గూడా ఇట్నే ఆడినారబ్బయా నాటకం. తాగినోడి ఏసం ఏసినోడు మాట్లాడనే లేదు, ఊగతా వొచ్చి చట్టి తన్నినాడంతే. మా ఆడోళ్ళంతా ఏడ్చినారు" అంది.

ఆ తరవాత అప్పటి పాట ఒకటి అందుకుంది. మిగతా ఇద్దరూ గొంతు కలిపారు. ఇక్కడి కోలాటాల్లో వినే వరసే. నేను శ్రద్ధగానే విన్నాను. ఏ రాగానికి దగ్గరగా ఉందో ఆలోచించాను. పాటలో ఏం చెప్తున్నారో రాసుకోలేదు, ఫోను తీసి రికార్డు చేయలేదు. నా లెక్కలో అది రాత్రిపూట సంగతి, సంగీతం.

ఇంకో విషయం తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధ. ఆ రాత్రులు నేను వింటున్నది నేదునూరి కృష్ణమూర్తిగారి కచేరీలు, ఆయన గురువు శ్రీపాద పినాకపాణిగారి పాఠాలు. పినాకపాణిగారు వృత్తికి వైద్యులు, కర్నూలు మెడికల్ కాలేజీలో ప్రొఫెసరు. పగలు రోగుల్ని చూసి, విద్యార్థులకు వైద్యం చెప్పి, మిగిలిన బతుకంతా సంగీతానికి ఇచ్చారు. పెద్దవాళ్ళ గొంతుల్లో విన్న కృతులను గమకంతో సహా స్వరపరిచి కాగితం మీద పెట్టారు. సంగీత సౌరభం పేరుతో తిరుమల తిరుపతి దేవస్థానం ఆ సంపుటాలు వేసింది. ఒక ప్రొఫెసరు తన వృత్తి కానిదాన్ని కూడా ఎంత బాధ్యతగా చెవిన పెట్టుకున్నాడో చూడమని నేను శిష్యులకు చెప్పేవాణ్ణి. మా వసారాలో ముగ్గురు ముసలమ్మలు పాడుతుంటే నా దగ్గర కాగితముంది, కలముంది, అక్షరజ్ఞానముంది. విన్నదాన్ని రాసిపెట్టడం పాండిత్యంలో భాగమని ఆ ఒక్క రాత్రి నాకు తోచలేదు.

అన్నిటికంటే పెద్దది పుస్తకం సంగతి. సెలవులు అయిపోవస్తుండగా ఒకరోజు పెద్దమ్మ తన రేకుపెట్టె తెరిచింది. అందులో పొదుపు పాసుపుస్తకం ఉంది. సారాయి ఆగాక 1993లో మా జిల్లాలో పొదుపులక్ష్మి మొదలైంది, రోజుకో రూపాయి లెక్కన ఆడవాళ్ళు దాచుకోవడం. ఆ పాసుపుస్తకం కింద గుడ్డలో చుట్టిన రాత్రిబడి వాచకం. అట్ట పోయింది, మొదటి పేజీలు లేవు. మార్జిన్లలో పెన్సిలుతో ఆమె అక్షరాలు దిద్దుకుంది. ఒకచోట తన పేరు, ఒకచోట ఊరిపేరు. లోపలి అట్ట మీద పేర్ల వరస ఉంది. వేలంపాట ఆపడానికి ఊళ్ళోంచి ఎవరెవరు పోయారో అప్పుడు రాసిపెట్టుకున్నారట, ఎవరి ఛార్జీ ఎవరు పెట్టుకున్నారో కూడా.

నేను నాలుగు పేజీలు తిరగేశాను. "జాగ్రత్తగా పెట్టుకో పెద్దమ్మా, జ్ఞాపకంగా ఉంటుంది" అని తిరిగిచ్చేశాను.

ఫుట్‌నోట్లలో నేను గెజిట్ తేదీలు ఇచ్చాను. తీర్పు పేరాల నంబర్లు ఇచ్చాను. నెల్లూరు జిల్లా పాతచరిత్ర మీద మోజుతో 1905లో బటర్‌వర్త్, వేణుగోపాలచెట్టి కలిసి ప్రకటించిన నెల్లూరు శాసనాల సంపుటాల్ని ఆ వేసవిలోనే చదివాను. రాతి మీద పేరు చెక్కించుకున్న దాతలను, ఆ దానాన్ని చెరిపినవాడికి తగిలే పాపాలను అంత ఇష్టంగా చదివినవాణ్ణి, పెన్సిలుతో రాసిన పేర్ల వరసను చేతిలోకి తీసుకుని కూడా శాసనంగా గుర్తించలేదు. లిఖితం, భుక్తి, సాక్షి మూడూ ఆ చెట్టు కిందే ఉన్నాయి. మార్జినులో శ్లోకార్థం రాసుకున్నాను గాని ప్రహరీ అవతలికి చూడలేదు.

వ్యాసం అచ్చయింది. నలుగురూ బాగుందన్నారు. ఆ తరవాత చాలా నెలలకు లైబ్రరీలో వేరే పనిమీద పాత సంచికలు తిరగేస్తుంటే, 1993 జనవరి ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో హైదరాబాదు అన్వేషి బృందం నెల్లూరు పల్లెల ఆడవాళ్ళ సారా వ్యతిరేక ఉద్యమం మీద రాసిన వ్యాసం కనిపించింది. ఉద్యమం వేడిలో ఉండగానే ఊళ్ళకు పోయి, ఆడవాళ్ళతో మాట్లాడి రాసింది. చదువుతుంటే నాకు పెద్దమ్మ గొంతు వినిపించింది. ఊరికి మంచినీళ్ళు రావు, బడికి పంతులు రాడు, సారాయి మాత్రం పొద్దున్నే గడపలోకి ఎట్టా వస్తుందని ఆమె చెట్టు కింద ఎన్నోసార్లు అన్నది. అదే ప్రశ్న 1992లో జిల్లా అంతటా ఆడవాళ్ళ నోట ఉండింది. నేను ముసలామె వాపోతుందనుకున్నాను. అది రాజ్యం మీద వేసిన అభియోగం.

అప్పుడు కూర్చుని నా వాదాన్ని మళ్ళీ చూసుకున్నాను. చరిత్రలో తప్పితే చట్టంలో కూడా తప్పుతామని అప్పుడు అర్థమైంది. జనం కోరికను చట్టసభ చట్టం చేసింది, కాబట్టి కోర్టు తలదూర్చకూడదన్న మెక్‌డోవెల్ తీర్పు ఆ ఆడవాళ్ళ గెలుపుకు రక్ష అని నేను రాశాను. కాని ఆ కేసులో ఒకవైపు కంపెనీలు, ఇంకోవైపు రాష్ట్రం. ఆ రాష్ట్రమే కొన్నేళ్ళ ముందు సారాయి పాట పెట్టింది. వేలంపాట దగ్గర నిలబడ్డవాళ్ళు ఆ వ్యాజ్యంలో కక్షిదారులు కారు. కోర్టు నిలబెట్టిన 1995 చట్టాన్ని 1997లో శాసనసభే సడలించింది, మద్యం తిరిగొచ్చింది. చట్టసభ వివేకానికే అంతా వదిలేయాలంటే, ఆ వివేకం మారిన రోజున పల్లె ఆడవాళ్ళకు దిక్కేమిటన్న ప్రశ్న వేయకుండానే నేను తీర్పును మెచ్చుకున్నాను.

ఇంకో సంగతి నన్ను మరీ కదిలించింది. 1997 తరవాత కూడా సర్కారు సారాయి అంగళ్ళు తిరిగి రాలేదు. ఆడవాళ్ళు తమ చేతుల్తో ఆపించింది ఆగే ఉంది. పైనుంచి వచ్చిన చట్టం పైనుంచే పోయింది. సీసాలు మాత్రం బెల్టుషాపుల రూపంలో మా ఊళ్ళకూ వచ్చాయి, ఆ బాధ వేరే. ప్రజారోగ్యం కోసం మత్తు పానీయాలను ఆపడానికి రాజ్యం ప్రయత్నించాలని 47వ అధికరణం చెప్తుంది. ఈ ఆదేశాలను కోర్టుకు పోయి అమలు చేయించుకోలేమని 37వ అధికరణం చెప్తుంది. ఈ రెంటినీ కలిపి చెప్పడం ప్రతి రాజ్యాంగం పాఠంలోనూ ఉంటుంది. కోర్టు అమలు చేయించలేని అధికరణాన్ని అప్పుడే అక్షరాలు నేర్చుకున్న ఆడవాళ్ళు వేలంపాట దగ్గర అమలు చేయించారన్న మాట నా పాఠంలో ఎప్పుడూ లేదు. ఆ వాదం రాయవలసినవాణ్ణి నేను. ఆ ఊరివాణ్ణి, ఆ శాస్త్రం చదివినవాణ్ణి, సాక్షి పక్కింట్లో ఉన్నవాణ్ణి.

తరవాతి సెలవులకు ఊరికి పోగానే పెద్దమ్మ ఇంటికే పోయాను. పుస్తకం అడిగాను. కూతురొచ్చి ఇంటి పైకప్పు మార్పించిందట. సామానంతా సర్దేటప్పుడు పాత కాగితాలు, చిరిగిన పుస్తకాలు తూకానికి వేశారట. పాసుపుస్తకం ఉంది. వాచకం లేదు.

"నువ్వే గదబ్బయా చూసి ఇచ్చేసినావు. పనికొచ్చేదయితే తీసుకోనుంటివి గదా అనుకున్యా" అంది. ఆ మాటలో నిష్ఠూరం లేదు. చదువుకున్నవాడి అంచనా మీద నమ్మకం ఉంది. ఆమె దాన్ని పాతికేళ్ళు గుడ్డలో చుట్టి దాచింది. నేను చూసి ఇచ్చేశాక దాని విలువ పోయింది. ఎవరి చేతిలో ఏది చిత్తుకాగితమవుతుందో తేల్చే అధికారం మాస్టర్లకు జనం ఇచ్చేశారు. ఆ అధికారం ఎంత బరువైనదో ఆ రోజు వాళ్ళ గుమ్మంలో నిలబడి తెలుసుకున్నాను.

ఆమె జ్ఞాపకం మాత్రం చెక్కుచెదరలేదు. ఆ సెలవులంతా ఆమె దగ్గరే కూర్చున్నాను. ఈసారి పొద్దున, నేను పని అని పేరు పెట్టుకున్న పూటే. వేలంపాట రోజు సంగతి అడిగాను. తెల్లారకముందే ఎట్టా బయల్దేరారు, బస్సులో ఎవరు భయపడ్డారు, పోలీసులు ఏమన్నారు, ఆకలికి ఏం తిన్నారు, పాట వాయిదా పడిందని ఎవరు వచ్చి చెప్పారు. అట్ట మీది పేర్లలో ఆమెకు గుర్తున్నవి రాసుకున్నాను. కొన్ని ఆమె చెప్పలేకపోయింది. ఆ పేర్లు ఇప్పుడు ఎక్కడా లేవు. పాట కూడా మళ్ళీ పాడించుకున్నాను. అప్పుడు గొంతు కలిపిన ఇద్దరిలో ఒకామె ఊళ్ళో లేదు, కొడుకు దగ్గరికి పోయింది. రెండు గొంతుల పాటే దొరికింది.

నా వ్యాసానికి సవరణ రాసి అదే పత్రికకు పంపాను, వేశారు. క్లాసులో మెక్‌డోవెల్ ఇప్పుడు వేరేగా చెప్తున్నాను. మొదట తీర్పు ఇవ్వను. ఎక్సైజు చట్టం కింద వేలం ఎలా నడిచేది, దానివల్ల ఖజానాకు ఏమొచ్చేది, పల్లె ఇంటికి ఏం పోయేది అన్నది మొదలుపెడతాను. తరవాత పెద్దమ్మ వాంగ్మూలం వినిపిస్తాను. తరవాతే తీర్పు. పిల్లలు అడిగే ప్రశ్నలు మారిపోయాయి. ఈ కేసులో మూడో పక్షంగా ఆ ఆడవాళ్ళు చేరి ఉంటే ఏం వాదించేవాళ్ళని ఒకమ్మాయి అడిగింది. ఆ పూట మిగతా సిలబసు పక్కన పెట్టి దానిమీదే మాట్లాడుకున్నాం. వేసవికి ఊళ్ళకు పోయే విద్యార్థులకు ఇప్పుడు ఒక పని ఇస్తున్నాను. మీ ఊరి తగాదా ఏదైనా, గట్టుదో చెరువుదో అంగడిదో, దాన్ని చూసినవాళ్ళ నోటనే విని, వాళ్ళ మాటల్లోనే రాసుకురండి అని.

పెద్దమ్మ వాచకం పోయింది గాని అలాంటివి ఇంకా ఉండే ఉంటాయి. కలిగిరి, వింజమూరు, కొండాపురం, దుత్తలూరు, ఉదయగిరి, వరికుంటపాడు మండలాల్లో 1990ల మొదట్లో రాత్రిబడికి పోయిన అమ్మలున్న ఇళ్ళు ఎన్నో ఉన్నాయి. అటక మీద, రేకుపెట్టె అడుగున, దేవుడి గూట్లో ఆ వాచకమో, పాటలు రాసుకున్న నోటుపుస్తకమో, కరపత్రమో, పేర్ల జాబితానో ఉంటే దయచేసి తూకానికి వేయకండి. ఏటా జ్యేష్ఠమాసంలో నర్రవాడ వెంగమాంబ తిరునాళ్ళకు ఈ చుట్టుపక్కల ఊళ్ళన్నీ కదిలివస్తాయి, నేనూ వస్తాను. అక్కడికి తెచ్చినా సరే, కబురు పంపితే మీ ఇంటికే వచ్చినా సరే, పేజీ పేజీ ఫోటో తీసుకుని పుస్తకం మీ చేతికే ఇచ్చేస్తాను. అమ్మకు ఓపికుంటే కాసేపు కూర్చోనివ్వండి. ఆమె చెప్పింది చెప్పినట్టు రాసుకుంటాను.